బరువు తగ్గమని చెప్పడం చికిత్స కాదు

మన ఉచిత వైద్య శిబిరాల్లో మహిళల వరుస దగ్గర కూర్చునే వైద్యురాలిని నేను. ఆ బల్ల దగ్గర నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట ఏదని అడిగితే, "కొంచెం బరువు తగ్గాలమ్మా" అన్నదే. బీపీ చూసి అదే మాట, షుగర్ చూసి అదే మాట, మోకాళ్ళ నొప్పులకూ అదే మాట. ఎలా తగ్గాలో చెప్పడానికి మాత్రం ఆ వరుసలో సమయం ఉండదు.

కొన్నేళ్ళ క్రితం ఒక శిబిరానికి నలభై దాటిన ఒక తల్లి మూడోసారి వచ్చింది. ప్రతిసారీ బరువు పెరుగుతూనే ఉంది. ఎండాకాలం, పెద్ద వరుస, నాకు ఓపిక సన్నగిల్లింది. "మూడుసార్లు చెప్పాను, నోరు కట్టుకోలేవా?" అనేశాను. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆమె ఏమీ అనలేదు. మందుల చీటీ తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి శిబిరానికి రాలేదు. ఆమె ఆడపడుచు వచ్చినప్పుడు అడిగితే మెల్లగా చెప్పింది: "ఆమె పగలంతా ఏమీ తినదు డాక్టరమ్మా. అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి తింటుంది. తిని ఏడుస్తుంది."

ఆ మాట విన్నాక ఈ విషయాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను. తెలుసుకున్నదాన్ని దాతలైన మీ ముందు ఒక పాఠంలా పెడుతున్నాను. శిబిరం ఎలా నడవాలో, డబ్బు దేనికి ఖర్చు కావాలో నిర్ణయించేది మీరే కాబట్టి ఈ పాఠం మీకే ముందు చెప్పాలి.

ఎవరి బరువు ఎక్కువ?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో అధిక బరువు ఉన్నవారు దేశంలో నూటికి 24 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది, తెలంగాణలో 30 మంది. అంటే మన రెండు రాష్ట్రాలూ దేశపు సగటు కంటే ముందున్నాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు, 13 కోట్లకు పైగా మధుమేహం అంచున ఉన్నవారు ఉన్నారని అంచనా వేసింది.

బరువు ఎక్కువా కాదా అని చూడటానికి వాడే కొలత బీఎంఐ. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. ప్రపంచమంతా 25 దాటితే అధిక బరువు అంటారు. మన దేశపు వైద్య నిపుణులు మాత్రం మనవాళ్ళకు 23 దాటితేనే జాగ్రత్తపడమని, 25 దాటితే స్థూలకాయంగా చూడమని 2009లో నిర్ణయించారు. 5 అడుగుల 1 అంగుళం ఎత్తున్న మహిళకు ఈ హద్దులు సుమారు 55 కిలోలు, 60 కిలోలు అవుతాయి.

ఈ తేడా ఎందుకో పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో ఒకే ఫొటోతో చూపించారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన శరీరాలు సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాచుకుంటాయి. అదీ ఎక్కువగా పొట్ట చుట్టూ. అందుకే త్రాసుకంటే టేపు ఎక్కువ నిజం చెబుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండెజబ్బు ముప్పు పెరిగినట్టే.

నోరు కట్టుకోవడం ఎందుకు కుదరదు?

లావుగా ఉన్న మనిషిని చూడగానే "తిండి మీద అదుపు లేదు" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఈ ఆలోచన ఎంత తప్పో ఒక పాత ప్రయోగం చెబుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు అవసరానికి సగం తిండే పెట్టాడు. వాళ్ళు తమ ఇష్టంతో వచ్చినవారు, పట్టుదల ఉన్నవారు. వారాలు గడిచేకొద్దీ వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు సేకరించారు. కలల్లో తిండే. చిరాకు, దిగులు. ప్రయోగం ముగిసి మామూలు భోజనం వచ్చాక కొందరు కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు.

వాళ్ళ గుణంలో లోపం లేదు. బరువు బాగా తగ్గితే శరీరం దాన్ని కరువుగానే లెక్కగడుతుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి చూస్తుంది. పగలంతా మాడి రాత్రి వంటింట్లో నిలబడి తినే తల్లికి జరుగుతున్నదీ ఇదే. ఆమె రాత్రి తిండికి బీజం పగటి పస్తులోనే పడుతోంది.

దీనికి ఇంకా కారణాలు తోడవుతాయి. వంశం నుంచి వచ్చేవి కొన్ని. థైరాయిడ్ మందగించడం, పీసీఓఎస్, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఇన్సులిన్ కూడా బరువు పెంచుతాయి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. కాబట్టి బరువు సమస్యకు మొదటి మెట్టు ఒకసారి వైద్య పరీక్ష. రెండో మెట్టు తిట్టడం మానేయడం. అవమానం పొందినవారు తక్కువ తింటారన్నది భ్రమ. ఎక్కువమంది దాచుకుని తింటారు, డాక్టరు దగ్గరికి రావడం మానేస్తారు. నా చేతుల మీదుగానే అది జరిగింది.

ప్రవర్తన చికిత్స అంటే ఏమిటి?

1962లో అమెరికాలో చార్లెస్ ఫెర్స్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులు కలిసి తినడాన్ని ఒక అలవాటుగా పరిశీలించి వ్యాసం రాశారు. 1967లో రిచర్డ్ స్టువర్ట్ ఆ పద్ధతిని ఎనిమిది మంది మహిళల మీద ఏడాదిపాటు ప్రయత్నించి, అందరూ చెప్పుకోదగ్గంత బరువు తగ్గారని చూపించాడు. అక్కడినుంచే ఈ చికిత్స వ్యాపించింది.

దీని మూలసూత్రం చాలా సులువు. ప్రతి అలవాటుకూ మూడు ముక్కలుంటాయి. పనికి ముందు ఏదో ఒకటి మనల్ని కదిలిస్తుంది. అది వేళ కావచ్చు, చోటు కావచ్చు, వాసన కావచ్చు, మనిషి కావచ్చు, దిగులు కావచ్చు. తర్వాత పని, అంటే తినడం. ఆ తర్వాత ఫలితం: కాసేపు హాయి, అలసట తీరడం, ఎదుటివారి మెప్పు. ఫలితం బాగుంటే ఆ పని మళ్ళీ జరుగుతుంది. మనం సాధారణంగా మధ్య ముక్కను మాత్రమే పట్టుకుని "తినకు" అంటాం. ప్రవర్తన చికిత్స ముందున్నదాన్నీ తర్వాత వచ్చేదాన్నీ మారుస్తుంది.

ఒక సాయంత్రాన్ని విప్పి చూద్దాం

మనలో చాలా ఇళ్ళకు సరిపోయే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక గృహిణి. ఉదయం పిల్లల టిఫిన్ల హడావిడిలో ఒక చాయ్‌తో సరిపెడుతుంది. మధ్యాహ్నం అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. సాయంత్రం నాలుగున్నరకు ఇంట్లో కాసేపు నిశ్శబ్దం. టీవీ పెట్టుకుని, చాయ్‌తో డబ్బాలోని బిస్కట్లు ఒక్కొక్కటే అయిపోతాయి. ఏడింటికి భర్త వస్తూ సమోసాలు తెస్తాడు. తినకపోతే "నీ కోసమే తెచ్చాను" అని నొచ్చుకుంటాడు. రాత్రి పదిన్నరకు గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక తనే తింటుంది.

"ఆమె ఎక్కువ తింటుంది" అంటే ఏమీ తెలియదు. విప్పితే నాలుగు ముడులు కనిపిస్తాయి. ఉదయం తినకపోవడం సాయంత్రం ఆకలిని రెట్టింపు చేస్తోంది. డబ్బా కంటి ముందుండడం, టీవీ నడుస్తుండడం చేతిని కదిలిస్తున్నాయి. ప్రేమ సమోసా రూపంలో వస్తోంది. అన్నం పారేయడం పాపమన్న మంచి భావం ఆమె కడుపును చెత్తబుట్ట చేస్తోంది. ఈ నాలుగింటిలో ఒక్కటీ నోటి అదుపుకు సంబంధించింది కాదు. నాలుగింటికీ విడివిడిగా మందుంది.

ఆరు మెట్లు

ఒకటి: రాయడం. వారం రోజులపాటు ఏమీ మార్చకుండా రాయాలి. ఎన్నింటికి, ఎక్కడ, ఏం తిన్నాను, అప్పుడు మనసు ఎలా ఉంది. నాలుగే గళ్ళు. రాయడం రానివారికి పిల్లలు రాసిపెట్టవచ్చు, ఫోనులో ఫొటో తీసుకోవచ్చు. 2008లో అమెరికాలో సుమారు 1,700 మందిని ఆరు నెలలు గమనిస్తే, రోజూ రాసినవారు రాయనివారికంటే రెట్టింపు బరువు తగ్గారు. ఆ పుస్తకాన్ని ఎవరూ చూసి తిట్టకూడదు. తిడతారని తెలిస్తే అబద్ధం రాస్తారు.

రెండు: వేళకు తినడం. తగ్గించడానికి ముందు సరిచేయవలసింది ఇదే. మూడు పూటలా భోజనం, మధ్యలో ఒకటి రెండుసార్లు చిన్నపాటి ఆహారం. మెలకువగా ఉన్నప్పుడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపు ఉండకూడదు. ఉదయం ఒక గుడ్డు, రెండు ఇడ్లీలు తిన్నవారికి సాయంత్రం డబ్బా మీద దాడి చేయవలసిన అవసరం తగ్గుతుంది.

మూడు: చుట్టూ ఉన్నది మార్చడం. బిస్కట్ల డబ్బా కొనకపోవడం, కొంటే పై అరలో పెట్టడం. చేతికందేచోట పండు, వేయించిన శనగలు. గిన్నెలన్నీ దస్తర్ఖాన్ మీద పరచకుండా పళ్ళెంలో వడ్డించుకుని కూర్చోవడం. తినేటప్పుడు టీవీ, ఫోను పక్కన పెట్టడం. మిగిలిన అన్నానికి ముందే దారి చూడటం: ఒక గ్లాసు తక్కువ బియ్యం పోయడం, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మరుసటి ఉదయం వాడటం. ఇంటికి నెలకు ఎన్ని లీటర్ల నూనె వస్తోందో తలలతో భాగించండి. మనిషికి లీటరు దాటుతుంటే వంట పద్ధతి మారాలి. చాయ్‌లో రెండు చెంచాల చక్కెర అంటే సుమారు 40 కేలరీలు. రోజుకు నాలుగు చాయ్‌లకు 160. వారానికో పావు చెంచా తగ్గిస్తూ పోతే నాలుకకు తెలియకుండానే సగమవుతుంది.

నాలుగు: నెమ్మదిగా తినడం. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలదాకా పడుతుంది. పది నిమిషాల్లో భోజనం ముగిస్తే ఆ కబురు వచ్చేసరికి రెండో వడ్డన అయిపోతుంది. ముద్ద మింగాకే మరో ముద్ద కలపాలి. కడుపును పూర్తిగా నింపవద్దని, శ్వాసకూ చోటు వదలమని దైవప్రవక్త (స) చేసిన బోధన మనకు చిన్నప్పటినుంచి తెలుసు. తెలిసినదాన్ని దస్తర్ఖాన్ దగ్గర ఆచరణలోకి తెచ్చే మార్గం ఈ నెమ్మదే.

ఐదు: బదులు పని పెట్టడం. అలవాటును ఖాళీగా వదిలేస్తే తిరిగొస్తుంది. నాలుగున్నర నిశ్శబ్దానికి టీవీ, డబ్బా బదులు చెల్లెలికి ఫోను చేస్తూ డాబా మీద నడక. ఇషా నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ పదిహేను నిమిషాల నడక. భర్త సమోసాల బదులు మల్లెపూలు తెస్తే ప్రేమ ఎక్కడికీ పోదు. అయితే కొత్త అలవాటు వారంలో కుదురుకోదు. లండన్‌లో 96 మందిని గమనించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి ఎనిమిది నెలలు దాటుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా నష్టం లేదని కూడా అందులోనే తేలింది.

ఆరు: జారినప్పుడు లేవడం. పెళ్ళిలో డబుల్ కా మీఠా రెండుసార్లు వడ్డించుకున్నాం అనుకోండి. "అయిపోయింది, ఇంక నావల్ల కాదు" అన్న ఆలోచన ఆ మిఠాయి కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి: "ఒక పూట జరిగింది. వచ్చే పూట మామూలుగా తింటాను." శిక్షగా మరుసటి పూట మానేయకూడదు. మానేస్తే మళ్ళీ మొదటి ముడికే వస్తాం.

బరువు కాదు, తిండే జబ్బు అయినప్పుడు

కొందరి విషయంలో ఈ ఆరు మెట్లు మాత్రమే చాలవు. తక్కువ వ్యవధిలో మామూలుకంటే చాలా ఎక్కువ తినేయడం, ఆపలేకపోవడం, ఒంటరిగా దాక్కుని తినడం, తర్వాత అసహ్యం, దిగులు. వారానికి ఒక్కసారైనా మూడు నెలలపాటు ఇలా జరుగుతుంటే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. 2013 నుంచి వైద్యశాస్త్రం దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. తిన్న తర్వాత కావాలని వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు వేసుకోవడం ఉంటే అది బులీమియా. 1979లో లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ దీనికి పేరు పెట్టాడు. లావవుతానన్న భయంతో తిండి దాదాపు మానేసి ప్రమాదకరంగా చిక్కిపోవడం అనొరెక్సియా. మానసిక వ్యాధుల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో అదొకటి.

ఇవి డబ్బున్నవారి జబ్బులు, పాశ్చాత్యుల జబ్బులు అనుకోకండి. ఇంట్లో ఆడపిల్ల కొన్ని నెలలుగా అందరితో కూర్చుని తినకపోతే, భోజనం కాగానే బాత్‌రూమ్‌కు వెళుతుంటే, నెలసరి ఆగిపోతే, బరువు మాట ఎత్తగానే ఏడిస్తే గమనించాలి. మగపిల్లల్లోనూ ఉంటాయి. పెళ్ళిచూపుల ముందు "రెండు నెలల్లో పది కిలోలు తగ్గాలి" అని తల్లులు పెట్టే గడువుతో ఇలాంటివి మొదలవడం చూశాను.

వీటికి మంచి చికిత్స ఉంది. బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు ముందుగా సూచించేది ఆలోచన–ప్రవర్తన చికిత్స, సీబీటీ. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డాక్టర్ క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ దీన్ని తిండి జబ్బులకు అనువుగా తీర్చిదిద్దాడు. అందులో తొలి పని ఏమిటో తెలుసా? తిండి తగ్గించడం కాదు, వేళకు తినిపించడం. పస్తు ఆగితే అదుపు తప్పడం తగ్గుతుంది. ఆ తర్వాత "నా విలువంతా నా బరువులోనే ఉంది" అన్న ఆలోచన మీద పనిచేస్తారు. చిక్కిపోయిన పిల్లల విషయంలో తల్లిదండ్రులే కొంతకాలం తిండి బాధ్యత తీసుకునే కుటుంబ చికిత్స బాగా పనిచేస్తుంది. ఈ లక్షణాలున్నవారికి డైటింగ్ చీటీ చేతిలో పెట్టకూడదు, మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

రమజాన్, దావత్

ఉపవాస మాసంలో బరువు తగ్గుతుందనుకుంటాం. చాలామందికి కొంత తగ్గి, పండుగ తర్వాత నెలలోనే తిరిగి వస్తుంది. కొందరికి పెరుగుతుంది కూడా. కారణం ఇఫ్తార్ మొదటి పావుగంటే. షర్బత్, సమోసా, మిర్చి బజ్జీ, హలీం ఒకదాని తర్వాత ఒకటి. ఖర్జూరం, నీళ్ళు, పండ్ల ముక్కలతో విడిచి, మగ్రిబ్ నమాజు చేసి వచ్చి భోజనానికి కూర్చుంటే ఆ విరామంలోనే ఆకలి నెమ్మదిస్తుంది. సహరీలో అన్నంతో పాటు పప్పు, గుడ్డు, పెరుగు ఉంటే ఆకలి ఆలస్యంగా వేస్తుంది.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు వాడేవారు రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలి. అనొరెక్సియా, బులీమియా ఉన్నవారికి ఉపవాసం ఆ జబ్బుకు ముసుగైపోవచ్చు. రోగికి ధర్మమే ఇచ్చిన మినహాయింపు వారికీ వర్తిస్తుందా అన్నది డాక్టరును, ఆలిమ్‌ను ఇద్దరినీ అడిగి తేల్చుకోవలసిన విషయం. ఆ అమ్మాయిని "నీకేం జబ్బు, బాగానే ఉన్నావు" అనకండి.

ఇక దావత్. వచ్చినవారి పళ్ళెం ఖాళీ కాకుండా చూడటం మన మర్యాద. "ఇంకొంచెం" అని మూడుసార్లు అనకపోతే గౌరవం తగ్గిందనుకుంటాం. షుగర్ ఉన్న పెద్దాయన పళ్ళెంలో చేయి అడ్డం పెట్టినా బిర్యానీ వేసేస్తాం. ఒకసారి అడిగి, వద్దంటే ఆగడం కూడా మర్యాదే అని మన ఇళ్ళలో మొదలుపెడితే, తగ్గాలని కష్టపడుతున్నవారికి అదే పెద్ద సాయం.

ఇది నిజంగా పనిచేస్తుందా?

అమెరికాలో మధుమేహం అంచున ఉన్న 3,234 మందితో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. ఒక బృందానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు. మరో బృందానికి 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా 16 పాఠాలు, తోడుగా ఒక శిక్షకుడు. సుమారు మూడేళ్ళకు చూస్తే మాత్రలు మధుమేహాన్ని 31 శాతం తగ్గించాయి. అలవాట్ల మార్పు 58 శాతం తగ్గించింది. 70 కిలోల మనిషికి 7 శాతం అంటే ఐదు కిలోలే. సన్నబడి కనిపించేంత కాదు, జబ్బును వెనక్కి నెట్టేంత.

మన దగ్గర చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. అలవాట్ల మార్పుతో మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. మాత్రలతోనూ దాదాపు అంతే. విశేషమేమిటంటే అలవాట్లు మార్చుకున్నవారి బరువు పెద్దగా తగ్గలేదు. అయినా మేలు జరిగింది. త్రాసు కదలలేదని దిగులుపడేవారికి నేను ఈ మాటే చెబుతాను.

చేదు నిజం కూడా చెప్పాలి. తగ్గిన బరువు కొన్నేళ్ళలో చాలామందికి తిరిగి వస్తుంది. ఇప్పుడు వచ్చిన ఖరీదైన సూదిమందులు బాగా తగ్గిస్తున్నాయి, కానీ ఆపేస్తే వాటి ఫలితం కూడా చాలావరకు పోతుంది. బరువును నిలబెట్టుకోవడానికి తోడ్పడేవాటిలో ముఖ్యమైనది ఒకటి: చికిత్స ముగిశాక కూడా నెలకు ఒకటి రెండుసార్లు ఎవరో ఒకరిని కలుస్తూ, లెక్క చెప్పుకుంటూ ఉండటం. తోడు ఆగితే అలవాటు జారుతుంది.

దాతలకు నా విన్నపం

మనం ఏటా శిబిరాలు పెడుతున్నాం. ఒక రోజు, ఒక షామియానా, పదిహేను రోజుల మందులు. అది మంచి పనే, ఆపమనను. కానీ ఈ సమస్యకు ఒక రోజు సరిపోదని పైన చెప్పిన లెక్కలన్నీ చెబుతున్నాయి. ఒక శిబిరం ఖర్చులో కొంత భాగాన్ని ఏడాది పొడవునా సాగే తోడుకు మళ్ళించమని అడుగుతున్నాను.

పదిహేను మంది మహిళల బృందం. మొదటి నాలుగు నెలలు వారానికోసారి, తర్వాత నెలకు రెండుసార్లు, ఏడాది చివర్లో నెలకోసారి. స్కూలు గది చాలు. ఒక త్రాసు, కొన్ని టేపులు, ప్రతి ఒక్కరికీ ఒక నోటు పుస్తకం. పాఠం చెప్పడానికి శిక్షణ పొందిన ఒక కార్యకర్త, ఆమెకు గౌరవవేతనం. బరువు తెర వెనక చూడాలి, అంకె గట్టిగా చదవకూడదు. తిండి జబ్బు లక్షణాలున్నవారిని మానసిక వైద్యుల దగ్గరికి పంపడానికి ప్రయాణ, ఫీజు ఖర్చులకు చిన్న నిధి. మగవారికి విడిగా ఇలాంటిదే మరో బృందం.

రమజాన్‌లో మనం పంచే రేషన్ కిట్టును కూడా ఒకసారి విప్పి చూడండి. నూనె, చక్కెర, మైదా, సేమియా ఎంత, పప్పు, శనగలు, వేరుశనగ ఎంత? డబ్బు అంతే ఖర్చయినా వాటి పాళ్ళు మార్చవచ్చు. పేదవారికి పండుగ తీపి ఉండొద్దని కాదు. మధుమేహం వారి ఇళ్ళలోనూ ఉంది, మందుల ఖర్చు మాత్రం వారికి మరీ బరువు.

చివరగా ఆ తల్లి సంగతి. ఆడపడుచును వెంటబెట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ముందు క్షమాపణ చెప్పాను. తర్వాత ఆమె బరువు అడగలేదు, "పగలు ఏం తింటున్నావమ్మా?" అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. కొడుకు చేత పుస్తకం రాయించింది. ఉదయం తినడం మొదలుపెట్టింది. మానసిక వైద్యుడి దగ్గరికి నాలుగైదుసార్లు వెళ్ళింది, వెళ్ళినప్పుడల్లా ఆటో ఖర్చు లెక్క చూసుకుంది. ఏడాదికి ఆమె తగ్గింది మూడు కిలోలే. షుగర్ అదుపులోకి వచ్చింది. రాత్రి వంటింట్లో దీపం వెలగడం దాదాపు ఆగిపోయిందని ఆడపడుచు చెప్పింది.

ఆమెకు తోడుగా ఉండటానికి అయిన ఖర్చు తక్కువే. అలాంటి పదిహేను మందికి ఒక ఏడాది అండగా నిలిచే బృందాన్ని వచ్చే వార్షిక సమావేశం నాటికి మొదలుపెట్టగలిగితే, ఆ సంవత్సరపు సంచికలో ఆ బృందమే తన లెక్క రాసుకుంటుంది.